భద్రాచల స్థలైతిహ్యములు : విరుద్ధ ప్రమాణముల సమన్వయము

స్థలైతిహ్యములను పరిశీలించు విమర్శకులు సాధారణముగా రెండు మార్గములలో నడచుచున్నారు. ఐతిహ్యమును యథాతథముగా స్వీకరించి చరిత్రను దానికి అనుగుణముగా సవరించుకొనుట మొదటి మార్గము. తేదీలకును వ్రాతలకును సరిపడని దానినెల్ల కట్టుకథయని త్రోసివేయుట రెండవ మార్గము. ఈ రెండింటను ఒక ప్రశ్న విచారణకు రాకయే మిగిలిపోవుచున్నది. తమ నమ్మకమునకు విరుద్ధమైన ప్రమాణము కంటికెదురుగా నిలిచినపుడు జనులు ఏమి చేసిరి? నమ్మకమును విడిచిరా, ప్రమాణమును కాదనిరా, లేక రెండింటిని నిలుపుకొనుటకు మూడవదానిని దేనినైన కల్పించుకొనిరా?

ఈ విచారణకు భద్రాచల క్షేత్రము మిక్కిలి అనుకూలమైనది. గోదావరీ తీరమున, మన్యపు సరిహద్దున నున్న ఈ క్షేత్రమును ఆశ్రయించి రామాయణకథ, భద్రుని తపఃకథ, పోకల దమ్మక్క కథ, రామదాసు చరిత్రము అను నాలుగు ఐతిహ్యములు ఒకదానిపై నొకటిగా పేర్చబడి యున్నవి. వీనిలో చివరిది చరిత్ర కాలమునకు చెందినది. అందలి పాత్రలలో పలువురి పేర్లు, పదవులు, మరణకాలములు ఇతరాధారములవలన మనకు తెలియుచున్నవి. కావున ఐతిహ్యమునకును ప్రమాణమునకును గల సంబంధమును ఇచ్చట పరీక్షించి చూచుటకు వీలున్నది. ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయమొక్కటే: భద్రాచల ఐతిహ్యము విరోధములను ఎరుగనిది కాదు. వానిని ఎరిగినందువలననే అందు కొన్ని కథలు పుట్టినవి. అట్టి కథలు జరిగిన సంగతికి సాక్ష్యములు కాకపోవచ్చును. కాని ఏ సంగతి జనులను కలత పెట్టినదో దానికి అవి నమ్మదగిన సాక్ష్యములు.

ఐతిహ్యమును చరిత్రను ముందుగా సంగ్రహముగా చూతము. కంచెర్ల గోపన్న ఖమ్మము ప్రాంతమందలి నేలకొండపల్లి వాస్తవ్యుడు. లింగన్న, కామాంబలు తలిదండ్రులు. గోల్కొండ మంత్రులైన అక్కన్న మాదన్నలు మేనమామలని ప్రసిద్ధి. ఆయన పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నియుక్తుడై, సర్కారు ధనముతో భద్రాద్రిపై రామాలయమును నిర్మించెననియు, అందుకై గోల్కొండలో పండ్రెండేండ్లు చెరసాలలో నుండెననియు, తుదకు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను సేవకుల రూపమున ఒకనాటి రాత్రి తానాషా శయనాగారమునకు వచ్చి ఆరులక్షల వరహాలు చెల్లించి, చెల్లుచీటిని తీసికొనిపోయి గోపన్న తలక్రింద నుంచిరనియు కథ. చరిత్ర చెప్పునది ఇది: అబ్దుల్లా కుతుబ్‌షా 1626 నుండి 1672 వరకును, అబుల్ హసన్ కుతుబ్‌షా, అనగా తానాషా, 1672 నుండి 1687 వరకును గోల్కొండను పాలించిరి. మాదన్న 1674 నాటికి ప్రధానమంత్రి పదవి నందుకొనెను. 1685-86 నడుమ సోదరులిద్దరును హత్యకు గురియైరి. 1687 సెప్టెంబరులో దుర్గము ఔరంగజేబు వశమైనది.

విరోధ పరిహారమునకు మన శాస్త్రకారులు చేసిన విచారణ ఇచ్చట ఉపయోగపడును. మీమాంసకులు అర్థాపత్తి అను ప్రమాణమును అంగీకరింతురు. దేవదత్తుడు పగలు భుజింపడు. అయినను బలిసి యున్నాడు. ఈ రెండును నిశ్చితములైనచో, అతడు రాత్రి భుజించుచున్నాడని కల్పింపక తప్పదు. అనగా పరస్పరము పొసగని రెండు నిశ్చితార్థములను పొసగించుటకు కనబడని మూడవ అర్థమును ఊహించుట అర్థాపత్తి. దీనికి రెండు నియమములు గలవు. పొసగింపవలసిన రెండు సంగతులును వేరువేరుగా ప్రమాణసిద్ధములై యుండవలెను. కల్పన అవసరమునకు మించరాదు. లాఘవముండగా గౌరవము పనికిరాదు. మరియొక ఉపాయము గుణవాదము. యూపస్తంభమును సూర్యుడని చెప్పు శ్రుతివాక్యము ప్రత్యక్ష విరుద్ధము. మీమాంసకుడు ఆ వాక్యమును అసత్యమనడు. స్తంభము సూర్యుడని నమ్మడు. ఆ వాక్యము స్తంభముయొక్క తేజస్సును పొగడుచున్నదని గ్రహించును. భద్రాచల ఐతిహ్యమున ఈ రెండు ఉపాయములును శాస్త్రనామములు లేకయే ప్రయోగింపబడినవి. వాని నియమములు ఎంతవరకు పాటింపబడినవో చూడవలసి యున్నది.

చతుర్భుజ విగ్రహము

మొదటి విరోధము కంటికి కనబడునట్టిది. రాముడు ద్విభుజుడు, కోదండధారి యనునది లోకప్రసిద్ధి. భద్రాద్రిలోని మూలమూర్తి చతుర్భుజుడు. ధనుర్బాణములతో పాటు శంఖచక్రములును ధరించి, సీతను వామాంకముననుంచుకొని కూర్చున్నాడు. అంతేకాక విష్ణుమూర్తులలో సాధారణముగా కుడివైపున నుండు చక్రము ఇచ్చట ఎడమవైపునను, ఎడమవైపున నుండు శంఖము కుడివైపునను ఉన్నవి. మానుషావతారమని నమ్మిన రామునకు నాలుగు చేతులెక్కడివి? చేతులున్నను ఆయుధములు తారుమారగుటకు కారణమేమి?

దీనికి స్థలపురాణమున సమాధానము గలదు. మేరు పుత్రుడైన భద్రునకు రాముడు వనవాస కాలమున మాట యిచ్చెను. ఆ మాట తీర్చక మునుపే అవతారము ముగిసినది. పిమ్మట భద్రుని తపస్సును చూచి విష్ణువు వైకుంఠమునుండి త్వరపడి వచ్చుటలో రామరూపమును స్వరూపమును కలిసిపోయినవి. ఆ తొందరలోనే శంఖచక్రములు చేతులు మారినవి. ఈ కథయందు గమనింపదగిన విశేషమేమనగా, విగ్రహమును చూచినవారు దానిని సరిగా చూచిరి. శంఖము ఏ చేతనున్నదను సూక్ష్మమును కూడ విడువలేదు. తమ భావనకు అనుకూలముగా విగ్రహమును మరియొక విధముగా వర్ణింపలేదు. ప్రత్యక్షమును ప్రత్యక్షముగనే నిలిపి, దానికొక పూర్వకథను కల్పించిరి. విరుద్ధ ప్రమాణమును దాచుట వేరు, దానికి కారణము చెప్పుట వేరు. ఇచ్చట జరిగినది రెండవది. ప్రమాణము చెక్కుచెదరక మనవరకు వచ్చుటకు ఆ కథయే రక్షయైనది.

శుకబంధనము, కాశీవ్రతము

రెండవ విరోధము ధర్మమునకు సంబంధించినది. శరణన్నవానిని విడువడని ప్రసిద్ధిగల దేవుడు తనకే గుడి కట్టించిన భక్తుని పండ్రెండేండ్లు చెరలో నుంచుట ఎట్లు పొసగును? అంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి. ఏండ్ల తరబడి పిలిచిన భక్తునకు దొరకని సాక్షాద్దర్శనము, ఆతని చెరబెట్టిన అన్యమతస్థుడైన ప్రభువునకు అడుగకయే ఎట్లు దొరకినది?

ఈ ప్రశ్నలు నేటి విమర్శకులు వేసినవి కావు. కథను చెప్పినవారే వేసికొనిరనుటకు వారు చేర్చిన రెండు ఉపకథలు నిదర్శనములు. గోపన్న పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండు దినములు పంజరమున బంధించెననియు, ఆ పాపము పండ్రెండేండ్ల చెరగా పరిణమించెననియు ఒక కథ. తానాషా పూర్వజన్మమున కాశిలో శివాభిషేక వ్రతము పూనిన బ్రాహ్మణుడనియు, వ్రతము ముగియుటకు స్వల్పకాలము మిగిలియుండగా ఓర్పు కోల్పోయి దానిని భంగపరచెననియు, వ్రతఫలముచే దర్శనమును భంగఫలముచే ఆ జన్మమును కలిగెననియు రెండవ కథ.

ఇవి అర్థాపత్తి రూపమున నున్నను దాని నియమమునకు లోబడినవి కావు. ఏలయన ఇచ్చట పొసగింపబడునది దైవదయకును దుఃఖమునకును గల విరోధము. కల్పింపబడిన పూర్వజన్మము ఏ ప్రమాణముచేతను పరీక్షింపరానిది. ఎట్టి విరోధమునైనను పరిహరింపగల కల్పన నిజమునకు ఏ విరోధమును పరిహరింపదు. అయినను ఈ కథల వెనుకనున్న న్యాయబుద్ధిని కాదనరాదు. తానాషాను దుష్టునిగా చిత్రించియుండినచో కథ సులభముగా ముగిసెడిది. జనులు ఆ సులభమార్గమును కోరలేదు. ఆతడు దర్శనార్హుడని నమ్మిరి. కాని ఆ యర్హతను ఆతని ప్రస్తుత జన్మమునందును ప్రస్తుత మతమునందును చూపజాలక పూర్వజన్మమునకు తరలించిరి. ఇట్లు ఆతనికి గౌరవము దక్కినది. ఆ గౌరవము ఆతని స్వంతము కాకపోయినది. ప్రతి సమన్వయమునకును ఒక మూల్యముండును. ఆ మూల్యమును ఎవరు చెల్లించిరో గుర్తించుట చరిత్రకారుని విధి.

కబీరు ప్రసక్తి

మూడవ విరోధము కాలగణనకు చెందినది. గోపన్నకు తారకమంత్రమును కబీరుదాసు ఉపదేశించెననియు, మరుగు గంజిలో పడి మరణించిన గోపన్న కుమారుడు ఆ మహాత్ముని కృపచే పునర్జీవితుడయ్యెననియు ప్రసిద్ధి. కాశీ వాస్తవ్యుడైన కబీరు మరణమును 1448 అనువారును, 1518 అనువారును గలరు. గోపన్న జననము సుమారు 1620 అని చెప్పబడుచున్నది. రెండవ తేదీనే గ్రహించినను నూరేండ్లకు పైబడిన అంతరము కలదు. అదియునుగాక శ్రీవైష్ణవాచార్యుడైన రఘునాథ భట్టరు గోపన్నకు గురువని మరియొక ప్రసిద్ధి గలదు.

ఈ విరోధమునకు వినబడు సమాధానములు మూడు. ఈ కబీరు వేరొక కబీరనునది ఒకటి. కబీరు పంథమునకు చెందిన సాధువునే కబీరనిరనునది రెండవది. సిద్ధపురుషులకు కాలనియమము లేదనునది మూడవది. మొదటి రెండును అసంభవములు కావు. ఒకే పేరు గలవారు పలువురుండుట, శిష్యులు గురునామమున వ్యవహరింపబడుట లోకసిద్ధము. కాని సంభవమగుట వేరు, సిద్ధమగుట వేరు. రెండవ కబీరు ఉనికికి ఈ కథ తప్ప వేరాధారము చూపబడనంతవరకు, కథను నిలుపుటకు ఆతనిని, ఆతనిని నిలుపుటకు కథను వాడుకొనుట అన్యోన్యాశ్రయ దోషమగును.

ఇట్టి చిక్కు భద్రాచలమునకే పరిమితమైనది కాదు. కబీరు చరిత్రయందే దీనికి సాటియైనది కలదు. ఆతడు రామానందుని శిష్యుడని సంప్రదాయము. 1489 నుండి 1517 వరకు పాలించిన సికందరు లోడీ ఆతనిని పరీక్షించెనని మరియొక సంప్రదాయము. రెండింటిని నిలుపుటకు ఆయనకు 1398 నుండి 1518 వరకు నూటయిరువది యేండ్ల ఆయువు కల్పింపబడినది. ఉత్తరమున ఆయువును పొడిగించిరి. తెలుగునాట వ్యక్తిని రెండు చేసిరి. పని ఒక్కటే.

అయినచో కబీరు కథను త్రోసివేయవలెనా? ఇచ్చట గుణవాద న్యాయము పనికివచ్చును. ముసల్మాను కుటుంబమున పెరిగిన రామభక్తుని ఆలయార్చకులు అడ్డగించుట, ఆతనిని అవమానించిన చోట దేవుడు నిలువకపోవుట ఆ కథయందలి ముఖ్యాంశములు. దాని తాత్పర్యము గురుపరంపరా నిర్ణయము కాదు. భక్తికి జాతిమతములు అడ్డుకావను సిద్ధాంతము. ఈ తాత్పర్యమునకు కబీరు పేరే తగినది, మరియొకరి పేరు తగదు. అందువలననే 1964లో చిత్తూరు నాగయ్య నిర్మించిన చలనచిత్రమునందును, 2006లో వెలువడిన చిత్రమునందును కబీరు పాత్ర నిలిచి యున్నది. తేదీల విరోధము తెలిసినవారు కూడ ఆ ఘట్టమును విడువలేదు. వాక్యము చెప్పు సంగతి వీగినను వాక్యము చేయు పని వీగలేదు. కావున చరిత్రకారుడు దానిని గోపన్న జీవిత ఘట్టముగా గ్రహింపరాదు. ఆంధ్ర భక్తి సంప్రదాయము తన్నుగూర్చి తాను చెప్పుకొనిన మాటగా గ్రహింపవలెను.

పండ్రెండేండ్ల లెక్క

నాలుగవ విరోధము సులభమైన కూడికవలన బయటపడును. మాదన్న మంత్రియైన పిదప ఆతని ప్రాపున గోపన్న పాల్వంచకు పోయెననుకొందము. అప్పటికి 1674. ఆలయ నిర్మాణమునకు ఎంత తక్కువగా చూచినను రెండు మూడేండ్లు పట్టును. ఆపైన పండ్రెండేండ్ల చెర చేర్చినచో విడుదల నాటికి 1688 దాటును. అప్పటికి మాదన్న లేడు; తానాషా బందీ; గోల్కొండ మొగలుల పాలైనది. విడుదల చేయుటకు ప్రభువే లేడు.

దీనిని పరిహరించుటకు మూడు త్రోవలున్నవి. గోపన్న ఉద్యోగము మాదన్న ప్రాధాన్యమునకు పూర్వమే, అబ్దుల్లా కాలముననే మొదలైనదనవచ్చును. లేదా చెర పండ్రెండేండ్లు కాదనవచ్చును. లేదా చెరపెట్టినవాడును విడిచినవాడును ఒక్క ప్రభువు కాదనవచ్చును. వీనిలో రెండవది లాఘవము గలది. పాండవుల అరణ్యవాసము పండ్రెండేండ్లు. గోదావరీ పుష్కరము పండ్రెండేండ్లకొకసారి. మన కథలలో దీర్ఘకాలమునకు పండ్రెండు రూఢమైన సంఖ్య. ఐనను జనసామాన్యము సంఖ్యను మార్చుటకు ఇష్టపడలేదు. చిలుక కథ ఆ సంఖ్యపైననే నిలిచియున్నదిగదా! ఒక విరోధమును పరిహరించుటకు చేసిన కల్పన మరియొక విరోధమును సవరించుటకు అడ్డుపడుట ఇచ్చట స్పష్టముగా కనబడుచున్నది.

దీనితో ముడిపడిన వేరొక ప్రశ్న గలదు. మేనమామలు ప్రభుత్వము నడుపుచుండగా మేనల్లుడు చెరలో మ్రగ్గుట ఎట్లు సంభవించెను? దీనికి తానాషా మతద్వేషమే కారణమని కొందరు భావింతురు. ఈ భావనకు చరిత్రలో ఆలంబనము లేదు. బ్రాహ్మణుడైన మాదన్నకు రాజ్యభారమంతయు అప్పగించి, ఔరంగజేబు ఆగ్రహమునకు అది ఒక కారణమైనను పెక్కేండ్లు ఆతనిని నిలుపుకొనిన ప్రభువుపై మతద్వేషమును మోపుట కష్టము. సరియైన కారణము గోల్కొండ రాజస్వ విధానమున దొరకును. ఆ రాజ్యమున పరగణాల ఆదాయము గుత్తకిచ్చు పద్ధతి యుండెను. ఒప్పుకొనిన సొమ్ము చెల్లింపజాలని అధికారిని బంధించి, కొట్టి రాబట్టుట సామాన్యమైన ఆచారము. పదునేడవ శతాబ్ది తొలి పాదమున మచిలీపట్టణమున నుండిన విలియం మెథ్వోల్డ్ అను ఆంగ్ల వర్తకుడు, బకాయిపడిన ఒక బ్రాహ్మణాధికారిని బెత్తములతో కొట్టి చంపిన వృత్తాంతమును వ్రాసియున్నాడు. ఆనాటి ప్రభువు తానాషా కాడు. అనగా గోపన్న పొందిన శిక్ష ఒక ప్రభువు క్రౌర్యమునకు గాని ఒక మతము విరోధమునకు గాని గుర్తుకాదు. అది ఆ పరిపాలనా యంత్రముయొక్క నిత్యకృత్యము. రామదాసు తన కీర్తనలలో దెబ్బల బాధను మొరపెట్టుకొనుటయు, దేవునికి చేయించిన నగల వ్యయమును ఒక్కొక్కటిగా లెక్కచెప్పి నిలదీయుటయు ఈ నేపథ్యమున చదివినచో, అవి భక్తుని ఆర్తితో పాటు లెక్కలకు జవాబుదారియైన ఉద్యోగి కంఠమును కూడ వినిపించును. ఈ ప్రమాణము ఆలయాభిమానుల నమ్మకమునకు విరుద్ధము కాదు. ద్వేషమును కోరువారి నమ్మకమునకు మాత్రమే విరుద్ధము. అందువలన కాబోలు, దీనికి పొందవలసినంత ప్రచారము కలుగలేదు.

రామమాడలు, చెల్లుచీటి, బందిఖానా

ఐదవది ప్రత్యక్ష వస్తువులకు సంబంధించినది. రామలక్ష్మణులు చెల్లించిన ధనములోనివని రామమాడలు భద్రాచలమున చూపబడుచున్నవి. రామపట్టాభిషేకము, రామలక్ష్మణుల రూపములు గల ఇట్టి ముద్రికలు దేశమున పలుచోట్ల దొరకును. వీనిని రామటంకములందురు. నాణెశాస్త్రజ్ఞులు వీనిలో అత్యధికభాగమును రాజముద్ర గల చెల్లుబాటు నాణెములుగా గణింపక, పూజార్థము చేయబడిన దేవాలయ ముద్రికలుగా నిర్ణయించిరి. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానాగా చూపబడు కట్టడము మొదట సరకులు నిలువచేయుటకు కట్టినదని చెప్పుదురు. దాని గోడపై దేవతారూపములు చెక్కబడియున్నవి.

ఇచ్చట నమ్మకము ప్రమాణమును ఎదిరించుట లేదు, ప్రమాణమును కోరుచున్నది. కథయందే ఈ కోరిక గలదు. రామలక్ష్మణులు ధనమిచ్చి ఊరకపోలేదు; చెల్లుచీటి తీసికొనిరి. దేవుడైనను సర్కారుతో వ్యవహారమునకు రశీదు కావలెనని ఆ కథను చెప్పినవారు భావించిరి. అంతకంటె విశేషమైనది తానాషా ప్రవర్తనము. కథ ప్రకారము గోపన్నను నేరస్థుడని నమ్మినవాడు ఆతడు. ధనరాశి ఎదుట కనబడగానే తన నమ్మకమును విడిచి, బందీని విడిపించి, తప్పు దిద్దుకొనినవాడును ఆతడే. విరుద్ధ ప్రమాణము చూచి మనస్సు మార్చుకొనిన ఏకైక పాత్రగా ఈ ప్రభువును మన ఐతిహ్యము నిలిపినది. శ్రీరామ కల్యాణమునకు గోల్కొండ ప్రభువు ముత్యాల తలంబ్రాలు పంపెననియు, ఆనాటినుండియే ప్రభుత్వము వానిని సమర్పించుచున్నదనియు వాడుక. ఆచారము నేటికిని సాగుచున్నది. కోశాగారమునకు గండికొట్టినదన్న ఆలయమునకే కోశాగారము కానుకలు పంపుట ఆ మనఃపరివర్తనకు ఏటేట జరుగు స్మరణముగా జనులు భావించుచున్నారు.

పర్ణశాల, పంచవటి

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరముననున్న పర్ణశాల సీతాపహరణస్థానమని ఈ ప్రాంతీయుల నమ్మకము. మహారాష్ట్రమున నాసిక సమీపమునగల పంచవటియే ఆ స్థానమని ఆ ప్రాంతీయుల నమ్మకము. రామాయణమున పంచవటి గోదావరి చెంతనున్నదని కలదు. గోదావరి రెండుచోట్లను ఉన్నది. ఇచ్చట రాతిపై కనబడు చారలు సీత ఆరవేసిన నారచీరల గుర్తులు. దుమ్ముగూడెము ఖరదూషణుల పదునాలుగువేల సేన దుమ్మైనచోటు. ఏటపాక జటాయువు పడినచోటు. ఊరిపేరు కథను బలపరచుచున్నదని చెప్పుదురు. కాని ఆ పేరునకు ఆ యర్థమును చెప్పినది కథయే.

ఈ విరోధమున ఉభయపక్షములును ఒకదానినొకటి ఖండించుకొనుటకు పెద్దగా యత్నింపకపోవుట గమనింపదగినది. నాసికకు పోయి పంచవటిని సేవించిన తెలుగు యాత్రికుడు పర్ణశాలకు వచ్చి అదే భక్తితో మ్రొక్కును. ఇది అజ్ఞానము కాదు. యాత్రికుని నమ్మకము భౌగోళిక వాక్యము కాదు, స్మరణస్థానమును గూర్చినది. 2014లో ఏటపాక ఆంధ్రప్రదేశములో చేరినను, పర్ణశాల తెలంగాణములో నిలిచినను యాత్రాక్రమమునకు భంగము కలుగకపోవుటయు ఈ కారణముననే. ఒక వాక్యము ఏ ప్రశ్నకు సమాధానమో తెలిసికొనక దానికి విరుద్ధ ప్రమాణము చూపుట వ్యర్థప్రయాసము.

పరిశోధకుని నమ్మకములు

ఇంతవరకు చెప్పినది ఇతరుల నమ్మకములను గూర్చి. పరిశోధకుడు ఈ విచారణకు వెలుపలివాడా? ఆరులక్షల వరహాలను రామలక్ష్మణులు కాక అక్కన్న మాదన్నలే రహస్యముగా చెల్లించియుందురని ఊహించువారు గలరు. సోదరులిద్దరు, రాత్రివేళ, మారుపేర్లు: ఊహ అందముగా పొసగుచున్నది. అలౌకికమును తొలగించుటవలన ఆధునికుల మనస్సునకు హాయి కలిగించును. కాని దీనికి పత్రమేది? సాక్షియెవరు? రెండవ కబీరునకు ఆధారమడిగిన విమర్శకుడు ఈ ఊహకు ఆధారమడుగక అంగీకరించినచో, ఆతడు అడిగినది ప్రమాణము కాదు, తనకు నచ్చిన ముగింపు. అలౌకికము కాకపోవుట ఒక సంగతి నిజమగుటకు చాలదు.

పాశ్చాత్యదేశమున ఈ విషయమున జరిగినదొకటి మనకు హెచ్చరిక. 1954 డిసెంబరులో ప్రళయము వచ్చునని నమ్మిన ఒక అమెరికా బృందమును లియాన్ ఫెస్టింగర్, ఆతని సహచరులు పరిశీలించి 1956లో ఒక గ్రంథము ప్రకటించిరి. ప్రళయము రాకపోగా ఆ బృందము నమ్మకమును విడువక మరింత ఉత్సాహముతో ప్రచారము చేసెనని దాని సారాంశము. అర్ధశతాబ్దికి పైగా ఇది మనస్తత్వశాస్త్రమున ప్రామాణికముగా బోధింపబడినది. 2025లో ఆ పరిశోధకుల పత్రములను పరిశీలించి ప్రకటితమైన ఒక వ్యాసము, పరిశీలకులు తామే ఆ బృందమున జోక్యము చేసికొనిరనియు, గ్రంథమున చెప్పినంత ప్రచారము జరుగలేదనియు, పలువురు నమ్మకమును విడిచిరనియు వాదించినది. అట్లే, విరుద్ధ ప్రమాణము చూపినచో నమ్మకము మరింత గట్టిపడునని 2010లో ఇద్దరు పరిశోధకులు చూపిన ఫలితము, 2019లో విస్తారముగా జరిపిన పరీక్షలలో సామాన్యముగా కనబడలేదు. జనులు ప్రమాణమును లక్ష్యపెట్టరను నమ్మకమే పండితుల నడుమ ప్రమాణమును మించి వ్యాపించినదన్నమాట. భద్రాచల కథలను చెప్పిన సామాన్యులు శంఖము చేయి మారినదని గుర్తించిరి. ఈ పండితులు తమ పత్రములలోనున్న దానిని గుర్తింపకపోయిరి.

ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన అంశములు ఇవి. విరుద్ధ ప్రమాణము ఎదురైనపుడు భద్రాచల సంప్రదాయము అయిదు విధముల వర్తించినది: ప్రత్యక్షమును నిలిపి కారణకథ చెప్పుట, విరోధమును పూర్వజన్మమునకు తరలించుట, వ్యక్తిని రెండు చేయుట, వస్తువులను సాక్ష్యములుగా చేర్చుకొనుట, రెండు నమ్మకములను రెండు ప్రయోజనములకు వేరుపరచి రెండింటిని నిలుపుకొనుట. వీనిలో మొదటిది ప్రమాణమును కాపాడినది; ఐదవది దానితో కలహింపలేదు. రెండవది, మూడవది దానిని పరీక్షకందని చోటికి కొనిపోయినవి. నాలుగవది ప్రమాణమునందలి గౌరవముననే పుట్టినదైనను, పరీక్షకు నిలిచినది కాదు.

కావున ఐతిహ్యములను సేకరించు విద్యార్థులు ప్రధానకథను మాత్రమే వ్రాసికొని ఉపకథలను ప్రక్షిప్తములని విడువరాదు. అతుకు ఉన్నచోటనే చిరుగు ఉండును. చిలుక కథ, కాశీవ్రత కథ, వేరొక కబీరు వాదము అట్టి అతుకులు. అవి ఎప్పుడు, ఏ ప్రాంతమున, ఎవరి నోట మొదలైనవో నిర్ణయింపగలిగినచో, ఏ తరమువారిని ఏ ప్రశ్న బాధించినదో తెలియును. దమ్మక్కను గూర్చి వేరొక విధమైన జాగ్రత్త వలయును. పుట్టలోనున్న మూర్తులను మొదట కనుగొని, పందిరి వేసి, తాటిపండు నివేదించినది ఒక అడవి స్త్రీయని ఆలయకథయే ఒప్పుకొనుచున్నది. దీనిని త్రోసిపుచ్చుటకు గాని, పూర్వజన్మ పుణ్యముతో సమర్థించుటకు గాని గోపన్న, తానాషాల విషయమున జరిగినంత యత్నము ఆమె విషయమున కనబడదు. విరోధమని ఎవరికిని తోపనందువలన ఈ అంశము సవరణలకు గురికాక నిలిచినది. ఆలయచరిత్ర వ్రాయువారు తహశీలుదారుతో మొదలుపెట్టక దమ్మక్కతో మొదలుపెట్టుట న్యాయము. కోయ, కొండరెడ్ల పల్లెలలో ఆమెను గూర్చి చెప్పుకొను కథలను, చెప్పువారి మాటలలోనే, మన అతుకులు వేయక, సేకరింపవలసి యున్నది. ఆ కథలు మన నిర్ణయములకు విరుద్ధముగా నున్నచో వానిని అట్లే ప్రకటించుట మొదటి కర్తవ్యము.